మిగిలిన వేడి

ఘుగూస్ బస్టాండు వెనుక, గని కాలనీ గేటు ముందర
నా ఇస్త్రీ బండి.
పొద్దుగాల కట్టెబొగ్గులు రాజేస్తుంటే
మా ప్రణాలి పుస్తకం పట్టుకొని
చలికి నిప్పుల పక్కన ముడుచుకొని కూసుంటది.

"అమ్మా, ఊర్జా పోదట. రూపం మారుతదట.
రోజూ చూసేటివి ఐదు రాసుకొని రమ్మన్నరు."
బడిల మరాఠీ, బండికాడ తెలుగు.
దాని నోట్ల ఒక్కో ముచ్చటకు రెండు రూపాలు.

ఊర్జా అంటే ఏందే?
"పని చేసే బలం."
గట్లయితే జొన్నరొట్టె రాసుకో.
తెల్లారంగ తిన్న రొట్టె
పదింటికల్లా నా కుడిజబ్బలకు దిగుతది,
పన్నెండింటికి సాబు అంగీ మీద మడత అయితది,
పొద్దూకేసరికి ఆ మడత కుర్చీల నలిగిపోతది.
"నలిగింది ఏ రూపమమ్మా?"
ఏమో బిడ్డా, మీ సారునడుగు.

లారీలు పోతున్నయి.
గుంత వచ్చినకాడల్లా పిడికెడు రాలుతది,
పోశవ్వ కొంగుల ఏరుకుంటది.
"రాక్షసి బొగ్గు అని ఎందుకంటరు?"
ఎండను మింగి పండుకున్నదిగదా,
మనుషులు పుట్టని నాటి ఎండ,
ఏ ఆకులు తాగిన ఎండనో.
ఇప్పుడు మీ నాయిన, వాళ్ళ గ్యాంగు
తవ్వి తవ్వి లేపుతున్నరు.
లేపినంక ఊకుంటదా?
తీగెలెక్కి ఊర్లు తిరుగుతది.

నిరుడు చిట్టీ ఎత్తి కరెంటు ఇస్త్రీపెట్టె కొన్న.
ఊదుడు లేదు, రవ్వ పడి బట్ట కాలుడు లేదు,
చెయ్యి గుంజుడు లేదు.
మూడు నెలల బిల్లు చూసి మంచం కిందికి నూకిన.
మట్టిల ఉన్నది అదే రాక్షసి,
తీగెల వచ్చిందీ అదే రాక్షసి.
రూపం మారితె ధర మారుతదని
మీ పుస్తకంల ఉన్నదా?
పేజీలు తిరగేసింది.
లేదట.

ఇంకోటి చెప్త, కానీ పేరు రాయకు.
మొన్న ఠేకేదారు రెండు దినాల కూలి కోసిండు.
ఓదెలు ఇంటికొచ్చి ఒక్క మాట మాట్లాడలె,
నీళ్ళు కూడ అడగలె.
చీకట్ల లేచి గోడకు ఒక మేకు కొట్టిండు.
మాకు మేకుతోని పనేం లేకుండె.
పక్కింటోళ్ళు తలుపు తీసి చూసి మళ్ళ ఏసుకున్నరు.
ఇప్పుడు దానికి నా కూరగాయల సంచి వేలాడుతది.
కోపం ఎటు పోయిందని ఎవరన్న అడిగితె
ఆ మేకు చూపిస్త.

పొద్దూకింది. ఆఖరి అంగీ.
పెట్టెల సగం బూడిద, సగం ఎర్రటి కండ్లు.
ఆ మిగిలిన వేడితోని
ప్రణాలి బడిబట్టలు రుద్దిన.
ఇంకా మిగిలింది సిగిడీల దులిపి
పైన నీళ్ళ గంజు పెట్టిన.
ఓదెలు డ్యూటీ దిగి వచ్చి
చెంబుతోని నెత్తి మీద పోసుకున్నడు.
నల్లనీళ్ళు మోరీల పడి వార్ధా దిక్కు పోయినయి.
చీకట్ల ఆయన వీపు పొగలు కక్కింది.
కాసేపు గట్లనే నిలబడ్డడు, తువ్వాల అడగకుండ.
ఏ వేడి ఎవరిదో అప్పుడు నాకు తెల్వలె.

అన్నం తిని ఒరిగిండో లేదో
గురక.
పైన రేకులు సన్నగ వణుకుతయి,
మేకుకున్న సంచి కూడ కదులుతదని ప్రణాలి అంటది,
నాకైతె కనబడదు.

"నాలుగే అయినయమ్మా."
పెన్ను మూత పండ్ల నడుమ పెట్టుకొని
మంచం దిక్కు చూసింది, నా దిక్కు చూసింది,
నవ్వు ఆపుకుంట అడిగింది:
"ఇది రాయాల్నా?"

రాయి, అన్న.
నాయిన అని రాయకు.
ధ్వని అని రాయి.